వరి జన్యువు స్విచ్ ఎక్కడుంది? ప్రమోటర్ నుంచి ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ దాకా డేటాబేస్‌లలో వెతికే పద్ధతి

విశాఖలో ఎమ్మెస్సీ బోటనీయో బయోటెక్నాలజీయో చదువుతూ, చివరి సెమిస్టర్ ప్రాజెక్టుకి "ఉప్పు ఒత్తిడిలో వరి జన్యువుల నియంత్రణ" లాంటి అంశం తీసుకున్నారనుకుందాం. చాలామంది చేసేది ఒకటే. జన్యువు ముందున్న 2000 బేస్‌లు (డీఎన్‌ఏ అక్షరాలు), అంటే ఆ జన్యువుకు స్విచ్ లాంటి ప్రమోటర్ భాగం, తెచ్చి మోటిఫ్‌లు వెతికే ప్లాంట్‌కేర్ సైట్‌లో పడేస్తారు. మోటిఫ్ అంటే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ అనే నియంత్రణ ప్రోటీన్ వచ్చి పట్టుకునే చిన్న అక్షరాల వరస. వచ్చిన పేర్లతో రంగురంగుల బొమ్మ గీసి, "ఒత్తిడికి స్పందించే మోటిఫ్‌లు 37 దొరికాయి" అని థీసిస్‌లో రాసేస్తారు. వైవాలో ఎవరైనా "ఏ సంబంధమూ లేని జన్యువు ముందు వెతికితే ఎన్ని దొరికేవి?" అని అడిగితే నోట మాట రాదు. ఆ ప్రశ్నకు జవాబు చేతిలో ఉండేలా పని ఎలా చేయాలో ఇక్కడ వరసగా చెప్తాం. కావలసింది ఒక ల్యాప్‌టాప్, ఒక స్ప్రెడ్‌షీట్, సీక్వెన్సులు (డీఎన్‌ఏ అక్షరాల వరసలు) ఉండే ఫాస్టా ఫైల్ తెరవడానికి మామూలు టెక్స్ట్ ఎడిటర్. కోడింగ్ రాకపోయినా పని ఆగదు.

ఇంకో మాట. ఈ సర్వర్లు అమెరికాలో, బెల్జియంలో, చైనాలో, జపాన్‌లో ఉన్నాయి. ఒకటి పడిపోతే కంగారు పడకుండా ఇంకోదానితో పని నడిపించేలా ప్రతి మెట్టుకీ రెండేసి దారులు పెట్టుకోండి. జాబ్ ఇచ్చిన వెంటనే జాబ్ నంబరో లింకో కాపీ చేసి దాచండి. అక్టోబరులో తుపాను పట్టి కరెంటు పోతే బ్రౌజర్‌తోపాటు ఫలితమూ పోతుంది.

ముందు ఐడీ సరిచూసుకోండి

వరితో పనిచేసేవాళ్ళు మొదట తప్పటడుగు వేసేది ఇక్కడే. ఒకే జన్యువుకి రెండు రకాల నంబర్లు ఉంటాయి. ఎన్‌సాంబుల్ ప్లాంట్స్, రాప్-డీబీ అనే డేటాబేస్‌లు వాడేది "ఓఎస్" తో మొదలయ్యే రాప్ ఐడీ. ఫైటోజోమ్ డేటాబేస్‌లోనూ చాలా పేపర్లలోనూ కనిపించేది "ఎల్ఓసీ_ఓఎస్" తో మొదలయ్యే ఎంఎస్‌యూ ఐడీ. ఉదాహరణకు కరువునూ ఉప్పునూ తట్టుకోవడంలో పాత్ర ఉందని 2006లో తేలిన స్నాక్1 జన్యువుకి రాప్ ఐడీ ఓఎస్03జీ0815100, ఎంఎస్‌యూ ఐడీ ఎల్ఓసీ_ఓఎస్03జీ60080. రెండింటిలోనూ 03 అంటే మూడో క్రోమోజోము. మిగతా అంకెలకు మాత్రం ఒకదానికొకటి పొంతన ఉండదు. రాప్-డీబీలో ఐడీ కన్వర్టర్ ఉంది, జాబితా మొత్తం ఒకేసారి మార్చుకోవచ్చు. కొన్ని జన్యువులకు అవతలి వైపు జోడీ దొరకదు, కొన్నింటికి రెండు దొరుకుతాయి. అలాంటివాటిని పక్కన ఇంకో కాలమ్‌లో పెట్టండి. తోచిన ఐడీతో ఖాళీ పూరించొద్దు.

ప్రయోగశాలల్లో నమూనాగా వాడే చిన్న మొక్క అరబిడాప్సిస్‌కి ఈ గొడవ లేదు. ఐడీ ఒకటే: ఏటీ5జీ52310 అంటే అయిదో క్రోమోజోము మీది జన్యువు. అరబిడాప్సిస్ సమాచారముండే టెయిర్ డేటాబేస్ మాత్రం 2013 నుంచి చందా పద్ధతిలో నడుస్తోంది. లాగిన్ లేకుండా కొన్ని పేజీలు చూశాక ఆపేస్తుంది. మీ పనికి కావలసిన సీక్వెన్సులన్నీ ఎన్‌సాంబుల్ ప్లాంట్స్‌లో ఉచితంగానే ఉన్నాయి కాబట్టి టెయిర్‌ను ఒక్కొక్క జన్యువు గురించి చదవడానికి దాచుకోండి.

మన ప్రాంతంవాళ్ళు గుర్తుంచుకోవలసిన చిక్కు ఇంకొకటుంది. వరి డేటాబేస్‌లలో డిఫాల్ట్‌గా వచ్చే జన్యుపటం జపాన్ రకం నిప్పన్‌బారేది. మన పొలాల్లో ఉండేది స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, ఇండికా రకం. ముంపును తట్టుకునే సబ్1ఏ జన్యువు నిప్పన్‌బారేలో అసలు లేదు. ఆ పేరుతో రిఫరెన్స్ జన్యుపటంలో ఎంత వెతికినా దొరకదు. దొరికిన దగ్గర చుట్టాన్ని సబ్1ఏ అనుకుని ప్రమోటర్ తీసేస్తే మొదటి మెట్టులోనే పని పాడైనట్టు. ఇండికా రకాల పటాలు ఎన్‌సాంబుల్ ప్లాంట్స్‌లో విడిగా ఉన్నాయి, అక్కడ బ్లాస్ట్ (పోలిన సీక్వెన్సులు వెతికే సాధనం) చేయండి. రకానికీ రకానికీ మధ్య అక్షరాల తేడాలు చూడాలంటే 3,010 వరి రకాల సమాచారమున్న స్నిప్-సీక్ ఉంది.

ప్రమోటర్ తీయడం

పని ఇక్కడ గట్టిగా ఉంటేనే మిగతాది నిలుస్తుంది. ఎన్‌సాంబుల్ ప్లాంట్స్‌లో బయోమార్ట్ తెరవండి. డేటాసెట్‌గా వరి, అంటే నిప్పన్‌బారే జన్యుపటమైన ఐఆర్‌జీఎస్‌పీ-1.0 ఎంచుకోండి. ఫిల్టర్స్‌లో జీన్ విభాగం విప్పి, ఐడీల జాబితా పెట్టే పెట్టెలో మీ రాప్ ఐడీలను వరసకొకటి చొప్పున అతికించండి. తర్వాత ఆట్రిబ్యూట్స్‌లోకి వెళ్ళి, పైన "సీక్వెన్సెస్" అన్న బటన్ నొక్కండి. లోపల "ఫ్లాంక్ (జీన్)" ఎంచుకోండి. అక్కడితో ఆగితే ఎర్ర అక్షరాల్లో తప్పు చూపిస్తుంది. కింద "అప్‌స్ట్రీమ్ ఫ్లాంక్" పెట్టెలో టిక్ పెట్టి 1500 అని అంకె వేస్తేనే నడుస్తుంది. హెడర్‌లో జీన్ ఐడీ ఒక్కటి ఉంచండి, చాలు. "రిజల్ట్స్" నొక్కి ఫాస్టాగా దించుకోండి.

అదే జాబితాలో "ఫ్లాంక్-కోడింగ్ రీజియన్" అని ఇంకోటి కనిపిస్తుంది. మొదటిది జన్యువు మొదలయ్యే చోటు నుంచి వెనక్కి కొలుస్తుంది. రెండోది ప్రోటీన్ కోడ్ మొదలయ్యే చోటు నుంచి. మధ్యలో ఉన్న 5' యూటీఆర్, అంటే ఆర్‌ఎన్‌ఏలోకి వచ్చినా ప్రోటీన్‌గా మారని ముక్క, ఒక్కోసారి కొన్ని వందల బేస్‌లుంటుంది. సగం జన్యువులకు ఒకటీ, సగానికి ఇంకోటీ వాడితే పోల్చడానికి పనికిరాదు. ఏది వాడారో థీసిస్‌లో రాయండి. "ప్రమోటర్ 1500 బేస్‌లు" అని ఊరుకుంటే ఎక్కడి నుంచి 1500 అన్నది చదివేవాడికి తెలియదు.

పొడవు ఎంత? అరబిడాప్సిస్‌లో జన్యువులు ఇరుగ్గా ఉంటాయి. దాదాపు 27,000 ప్రోటీన్ జన్యువులు 12 కోట్ల బేస్‌లలో సర్దుకున్నాయి. అంటే సగటున 4,500 బేస్‌లకొకటి, అందులో జన్యువు సొంత ఒళ్ళే సగం దాకా ఉంటుంది. 2000 వెనక్కి వెళ్తే పక్కింటి గోడ దాటి వాళ్ళ వంటింట్లోకి పోయినట్టే. అరబిడాప్సిస్‌కి 1000 తీసుకోండి. వరిలో ట్రాన్స్‌పోజాన్లకు (చోటు మారే డీఎన్‌ఏ ముక్కలకు) సంబంధించినవి తీసేస్తే ఎంఎస్‌యూ లెక్కలో 39,045 జన్యువులున్నాయి. సగటున 10,000 బేస్‌లకొకటి కాబట్టి 1500 నుంచి 2000 ధైర్యంగా తీసుకోవచ్చు. అయినా సగటు సగటే. ప్రతి జన్యువునూ జీనోమ్ బ్రౌజర్‌లో ఒకసారి తెరిచి పక్క జన్యువు ఎంత దూరంలో ఉందో చూడండి. 600 బేస్‌ల అవతలే పొరుగు జన్యువుంటే 600 దగ్గర కత్తిరించి, ఆ సంగతి పక్కన రాసుకోండి.

పోగు, అంటే స్ట్రాండ్, తప్పడం ఇంకో పెద్ద గొయ్యి. జన్యువు మైనస్ పోగు మీద ఉంటే దాని "ముందు" భాగం క్రోమోజోము అంకెల్లో తర్వాత వస్తుంది, పైగా సీక్వెన్సును తిరగేసి జతబేస్‌లు రాయాలి. బయోమార్ట్ ఇది తనే చేసి ఇస్తుంది. మీరు బ్రౌజర్‌లో అంకెలు చూసి చేత్తో కత్తిరిస్తే మాత్రం జన్యువు తోకనుంచి తెచ్చిన ముక్క ప్రమోటర్‌గా చలామణీ అవుతుంది. చూడ్డానికి ఏ తేడా ఉండదు, ప్లాంట్‌కేర్ దానికీ మోటిఫ్‌లు చూపిస్తుంది. కనిపెట్టే చిట్కా ఇది: కోడింగ్ మొదలు నుంచి వెనక్కి తీసేటప్పుడు కోడ్‌లోని మొదటి 30 బేస్‌లను కూడా కలిపి తీయండి. చివరి 30లో మొదటి మూడక్షరాలు ఎ-టి-జి అయితే పోగు సరైనదే. చూసుకున్నాక ఆ 30 తుడిచేయండి. 5' యూటీఆర్ మధ్యలో ఇంట్రాన్ (ఆర్‌ఎన్‌ఏ నుంచి కోసి తీసేసే ముక్క) ఉన్నా ఈ పరీక్ష పనిచేస్తుంది.

చివరగా ఫాస్టా తెరిచి "ఎన్" అక్షరాల గుంపులు వెతకండి. అవి సీక్వెన్స్ దొరకని ఖాళీలు. 1500లో 75కి మించి ఎన్‌లుంటే ఆ జన్యువును మోటిఫ్ లెక్కల్లోంచి తీసేయడమే మంచిది.

మోటిఫ్ వెతికే ముందు చేయాల్సిన గుణకారం

ప్లాంట్‌కేర్ బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయానిది. దాని పేపర్ 2002లో వచ్చింది. ఫాస్టా ఎక్కించి ఈమెయిల్ ఇస్తే ఫలితం ట్యాబ్ ఫైలుగా మెయిల్‌కి వస్తుంది. రాకపోతే ముందు స్పామ్ ఫోల్డర్ చూడండి, తర్వాత సీక్వెన్సుల సంఖ్య తగ్గించి మళ్ళీ పంపండి. ఫైల్‌లో జన్యువు పేరు, మోటిఫ్ పేరు, మోటిఫ్ అక్షరాలు, మొదలైన చోటు, పొడవు, పోగు, ఏ మొక్కలో మొదట కనుక్కున్నారు, చేసే పని అని కాలమ్స్ ఉంటాయి. అందరూ పేరూ పనీ చూసి ఊరుకుంటారు. మీరు చూడాల్సింది పొడవు కాలమ్.

ఎందుకో లెక్క వేద్దాం. డీఎన్‌ఏలో నాలుగే అక్షరాలు. నాలుగూ సమానంగా ఉన్నాయనుకుంటే, 5 అక్షరాల ముక్క ఒకటి మనం చూసే ఒక్కో చోట తగిలే అవకాశం 1,024లో ఒకటి. 2000 బేస్‌లు, రెండు పోగులు, అంటే 4000 చోట్లు. భాగిస్తే దాదాపు 4. వర్కీ కుటుంబం ప్రోటీన్లు పట్టుకునే డబ్ల్యూ-బాక్స్ మోటిఫ్ కోర్ (ముఖ్య భాగం) టి-టి-జి-ఎ-సి. ఏ వర్కీ ప్రోటీనూ తొంగి చూడని జన్యువు ముందు కూడా అది నాలుగు సార్లు కనిపిస్తుంది. ఏబీఏ హార్మోనుకు స్పందించే మోటిఫ్‌గా, ఎబిఆర్ఈ పేరుతో ప్లాంట్‌కేర్ తరచూ చూపించే ఎ-సి-జి-టి-జి కూడా 5 అక్షరాలే, అదీ నాలుగే. నాక్ ప్రోటీన్లు పట్టుకునే కోర్ సి-ఎ-సి-జి మరీ చిన్నది, 15 దాకా వస్తాయి.

ఇప్పుడు పొడవైనది చూడండి. 1994లో అరబిడాప్సిస్ ఆర్డీ29ఏ జన్యువు ముందు కనుక్కున్న డీఆర్ఈ (డ్రెబ్ కుటుంబం ప్రోటీన్లు పట్టుకునే మోటిఫ్) తొమ్మిది అక్షరాలది: టి-ఎ-సి-సి-జి-ఎ-సి-ఎ-టి. నాలుగుని తొమ్మిదిసార్లు హెచ్చిస్తే 2,62,144. 4000ని దానితో భాగిస్తే 0.015. అది కనిపించిందంటే ఆగి చూడాల్సిందే. కానీ దాని కోర్‌ను "ఎ లేదా జి, తర్వాత సి-సి-జి-ఎ-సి" అని పొట్టి చేసి వెతికితే గాలివాటంగా రెండు వస్తాయి. పేరు మాత్రం రెండింటికీ డీఆర్ఈయే. కాబట్టి "డీఆర్ఈ 3 దొరికాయి" అని రాస్తే అందులో సమాచారం దాదాపు లేదు. "తొమ్మిదక్షరాల డీఆర్ఈ ఒకటి, జన్యువు మొదలుకు ఇంత దూరంలో" అంటే ఉంది.

అక్షరాలు నిజానికి సమానంగా ఉండవు. అరబిడాప్సిస్ జన్యుపటంలో ఎ, టి కలిపి 64 శాతం దాకా ఉంటాయి. టి-ఎ-టి-ఎ-ఎ లాంటి ముక్కకు సమాన లెక్కలో ఒక పోగు మీద 2000 బేస్‌లలో 2 రావాలి. 64 శాతంతో లెక్కిస్తే 6.7 వస్తాయి. ప్లాంట్‌కేర్ జాబితాలో టాటా-బాక్స్, కాట్-బాక్స్ డజన్ల కొద్దీ కనిపించేది ఇందుకే. నిజమైన టాటా-బాక్స్ ట్రాన్స్‌క్రిప్షన్ మొదలయ్యే చోటికి 30 బేస్‌ల వెనక ఉంటుంది. మైనస్ 1200 దగ్గర ఉన్నది టాటా-బాక్స్ కాదు, ఎ-టిల గుంపు. ఈ రెండు పేర్లనూ స్ప్రెడ్‌షీట్‌లో ఫిల్టర్ చేసి తీసేయండి. "అన్‌నేమ్డ్" అని వచ్చేవాటినీ తీసేయండి, వాటిలో నాలుగక్షరాలవి ఉంటాయి.

తీసేశాక మిగిలినవాటిలో రెట్టింపు లెక్కలు చూడాలి. జీ-బాక్స్ అనే సి-ఎ-సి-జి-టి-జి ఏ పోగు మీద చదివినా ఒకటే. ప్లస్ పోగు మీద ఒకటి, మైనస్ పోగు మీద ఒకటి అని వస్తే అది ఒకే చోటు, ఒకటిగానే లెక్కించండి. అదే చోటు ఒకసారి జీ-బాక్స్‌గా, ఇంకోసారి ఎబిఆర్ఈగా కూడా నమోదవుతుంది, ఎందుకంటే రెండింటి కోర్ ఎ-సి-జి-టి. మొదలైన చోటు కాలమ్‌తో సార్ట్ చేస్తే పక్కపక్కన కనిపిస్తాయి. 37 అన్న అంకె ఇక్కడికి వచ్చేసరికి తరచూ పదిలోపుకి దిగుతుంది.

మొక్క కాలమ్ కూడా చూడండి. వెలుతురుకు స్పందించేదిగా వచ్చే బాక్స్-4 పార్స్లీ మొక్కలో కనుక్కున్నది, ఎ-టి-టి-ఎ-ఎ-టి. ఎ-టిలు దండిగా ఉన్న ఏ ప్రమోటర్‌లోనైనా దొరుకుతుంది. "మన జన్యువు వెలుతురుకు స్పందిస్తుంది" అని దాన్ని చూసి రాయకండి.

ఎబిఆర్ఈ విషయంలో ఇంకో చూపు కావాలి. ఒంటరి ఎబిఆర్ఈ మామూలుగా ఏబీఏ హార్మోనుకు సరిగా స్పందించదు, ఇంకో ఎబిఆర్ఈయో తోడు మోటిఫో దగ్గర్లో ఉండాలి. ఆర్డీ29ఏలో ఆ తోడు పని డీఆర్ఈ చేస్తుంది. కాబట్టి ఎన్ని ఉన్నాయని కాకుండా జతగా ఉన్నాయా, ఎంత దూరంలో ఉన్నాయి అని చూడండి.

తూకం వేయడానికి రెండు రాళ్ళు

మీ పద్ధతి పనిచేస్తోందా అన్నది ఎలా తెలుస్తుంది? తెలిసిన జన్యువు ఒకటి పెట్టి. ఆర్డీ29ఏ, అంటే ఏటీ5జీ52310, ముందు 1000 బేస్‌లు మీ వరి జన్యువులకు వాడిన దారిలోనే తీసి, అదే సాధనంలో పెట్టండి. తొమ్మిదక్షరాల డీఆర్ఈ రాకపోతే లోపం మీ దారిలో ఉంది. చాలాసార్లు పోగు తప్పడమో, ఫాస్టా హెడర్‌లో గీతలూ ఖాళీలూ ఉండడమో కారణం. హెడర్లలో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కింద గీత తప్ప ఏమీ ఉంచకండి.

రెండోది నేపథ్యం. అదే మొక్కనుంచి ఏ ఎంపికా లేకుండా 100 జన్యువులు తీసుకుని, అదే పొడవులో, అదే విధంగా ప్రమోటర్లు తీయండి. రెండింటిలోనూ ఒకే మోటిఫ్ ఎన్ని జన్యువులలో ఉందో లెక్కించండి. ఊహకు ఒక లెక్క: మీ 20 ఉప్పు జన్యువులలో 14కి ఉంది, నేపథ్యంలో 100కి 55కి ఉంది. 70 శాతం, 55 శాతం. చూడ్డానికి తేడా ఉంది కానీ 20 మీద అది గాలివాటమే. అదే నేపథ్యంలో 12కే ఉంటే మాట వేరు. తేడా గాలివాటమేనా అని చూసే ఫిషర్ ఎగ్జాక్ట్ టెస్ట్ ఉచిత కాలిక్యులేటర్లలో నాలుగు అంకెలు వేస్తే అయిపోతుంది. ఇరవై మోటిఫ్‌లు పరీక్షిస్తే పి-వాల్యూ (ఇంత తేడా గాలివాటంగా వచ్చే అవకాశం) గీతను 0.05 దగ్గర కాకుండా 20తో భాగించి 0.0025 దగ్గర గీయండి.

నేపథ్యానికి హౌస్‌కీపింగ్ జన్యువులు (ప్రతి కణంలో ఎప్పుడూ పనిచేసేవి) ఏరి పెట్టకండి. వాటి ప్రమోటర్ల తీరే వేరు. ఏరికోరి పెట్టిన నేపథ్యంతో ఏదైనా నిరూపించొచ్చు.

జాస్పర్, మీమ్: అక్షరాల బదులు బరువులు

ప్లాంట్‌కేర్ అక్షరాలను పోలుస్తుంది. జాస్పర్‌లో ఒక్కో మోటిఫ్ ఒక పట్టికగా ఉంటుంది, ఒక్కో స్థానంలో ఏ అక్షరానికి ఎంత బరువో చెప్తుంది. ఇది మెరుగైన దారి. జాస్పర్‌లో మొక్కల సేకరణ విడిగా ఉంది, దాన్ని మీమ్ ఫార్మాట్‌లో దించుకుని మీమ్ సూట్‌లో పట్టికలతో మోటిఫ్‌లు వెతికే ఫీమోకి మీ ఫాస్టాతోపాటు ఇవ్వండి.

ఫీమో డిఫాల్ట్ గీత పి-వాల్యూ 0.0001. చాలా కఠినంగా అనిపిస్తుంది. 4000 చోట్లకు ఒక్కో మోటిఫ్‌కి 0.4 తప్పుడు తగులుళ్ళు. జాస్పర్ మొక్కల పట్టికలు వందల్లో ఉన్నాయి. 500 పెట్టారనుకోండి, ఒక్క ప్రమోటర్‌కే 200 తప్పుడు తగులుళ్ళు. అన్నీ పెట్టి మీట నొక్కకండి. మీ ప్రశ్నకు సంబంధించిన కుటుంబాలు, అంటే ఉప్పు, కరువు అయితే డ్రెబ్, బీజిప్, నాక్, మిబ్, వర్కీ, వీటి నుంచి పది పదిహేను ఎంచుకోండి. క్యూ-వాల్యూ (ఎన్నో పరీక్షలు చేసినందుకు సరిదిద్దిన పి-వాల్యూ) కాలమ్‌ను చూడండి.

జాస్పర్ పట్టికల్లో అరబిడాప్సిస్ ప్రోటీన్లవే ఎక్కువ. వరికి వాడడం తప్పు కాదు, డీఎన్‌ఏను పట్టుకునే భాగం కుటుంబంలో పెద్దగా మారదు. ఆ కారణంగానే ఒక కుటుంబంలో పది ప్రోటీన్లు ఒకే చోటికి తగులుతాయి. ఫలితం "డ్రెబ్ కుటుంబంలో ఎవరో ఒకరు" అని మాత్రమే చెప్తుంది. ఏ ఒక్కరన్నది తర్వాతి మెట్టు.

ఎవరు వచ్చి కూర్చుంటారు

మీ జాబితాలో ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు ఏవో తెలుసుకోవడానికి ప్లాంట్‌టీఎఫ్‌డీబీ ఉంది. అయిదో వెర్షన్‌లో 165 మొక్కల నుంచి 3,20,370 ఫ్యాక్టర్లను 58 కుటుంబాలుగా పేర్చారు. మీ మొక్క అందులో లేకపోతే ప్రోటీన్ సీక్వెన్సులు ఎక్కించి ప్రిడిక్షన్ నడపొచ్చు.

వచ్చిన కుటుంబం పేరును కళ్ళు మూసుకుని నమ్మొద్దు. ఏపీ2 డొమైన్ (ప్రోటీన్‌లో డీఎన్‌ఏను పట్టుకునే భాగం) ఉన్నవాటిలో డ్రెబ్‌లూ ఈఆర్ఎఫ్‌లూ కలిసిపోయి వస్తాయి. చేత్తో విడదీయొచ్చు: డొమైన్‌లో 14వ స్థానంలో వాలీన్, 19వ స్థానంలో గ్లుటమిక్ ఆమ్లం ఉంటే డ్రెబ్. అలనీన్, ఆస్పార్టిక్ ఆమ్లం ఉంటే ఈఆర్ఎఫ్. 14లోని వాలీనే ముఖ్యం, 19 కొన్ని డ్రెబ్‌లలో మారుతుంది. అంకె ప్రోటీన్ మొదటి నుంచి కాదు, డొమైన్ మొదటి నుంచి లెక్కించాలి.

అదే బృందం నడిపే ప్లాంట్‌రెగ్‌మ్యాప్‌లో జన్యువుల జాబితా ఇస్తే, ఏ ఫ్యాక్టర్ల లక్ష్యాలు అందులో మామూలుకంటే ఎక్కువగా ఉన్నాయో చూపిస్తుంది. అరబిడాప్సిస్‌కి ఇంకా బలమైన ఆధారం ప్లాంట్ సిస్ట్రోమ్ డేటాబేస్. 2016లో డాప్-సీక్ పద్ధతితో 529 ఫ్యాక్టర్ల మోటిఫ్‌లు అక్కడ చేరాయి. డాప్-సీక్‌లో ప్రోటీన్‌ను గొట్టంలో తయారుచేసి, మొక్కనుంచి తీసిన విడి డీఎన్‌ఏతో కలుపుతారు. ప్రోటీన్ నిజంగా డీఎన్‌ఏను పట్టుకుంటుందని తెలుస్తుంది. మొక్కలో ఆ చోటు క్రోమాటిన్‌లో (ప్రోటీన్లకు చుట్టుకున్న డీఎన్‌ఏలో) మూసుకుపోయి ఉందా తెరుచుకుని ఉందా అన్నది తెలియదు. థీసిస్‌లో "బంధించగలదు" అని రాయండి, "బంధిస్తుంది" అని కాదు.

ఇద్దరూ ఒకే వేళ ఇంట్లో ఉన్నారా

ఫ్యాక్టర్ వేరులో, లక్ష్యం ఆకులో పనిచేస్తుంటే మోటిఫ్ ఎంత అందంగా ఉన్నా లాభం లేదు. టొరంటో విశ్వవిద్యాలయం బార్ సైట్‌లోని ఈఎఫ్‌పీ బ్రౌజర్‌లో మొక్క బొమ్మ మీద పసుపు నుంచి ఎరుపు దాకా రంగులతో చూపిస్తుంది. ఇక్కడ మోసపోయేది రంగుతోనే. స్కేలు ఆ జన్యువు గరిష్ఠానికి తగ్గట్టు తనే సర్దుకుంటుంది. అసలు పనిచేయని జన్యువు కూడా ఎక్కడో ఒకచోట చిక్కటి ఎరుపుగా కనిపిస్తుంది. పక్కనున్న స్కేలు అంకె చదవండి. రెండు జన్యువులు పోల్చేటప్పుడు సిగ్నల్ థ్రెషోల్డ్ ఒకే అంకెకు కట్టేయండి.

వరికి రైస్‌ఎక్స్‌ప్రో ఉంది, పొలంలో పెంచిన నిప్పన్‌బారే మీద చేసింది. కలిసి పెరిగే, కలిసి తగ్గే జన్యువులకు ఏటెడ్-టూలో చూడండి. మ్యూచువల్ ర్యాంక్ అన్న అంకె ఎంత చిన్నదైతే జోడీ అంత గట్టిది. ఫ్యాక్టరూ లక్ష్యమూ కలిసి పెరగడం ఒకటి మరొకదాన్ని నడుపుతోందనడానికి సాక్ష్యం కాదు, ఇద్దరినీ మూడోది నడుపుతుండొచ్చు. అణచివేసే ఫ్యాక్టర్ అయితే ఎదురు దిశలో ఉంటుంది. "పైకి" జాబితా మాత్రమే చూస్తే అది తప్పిపోతుంది.

మైక్రోఆర్‌ఎన్‌ఏల, అంటే వేరే జన్యువుల ఆర్‌ఎన్‌ఏను అణచే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కల సంగతి క్లుప్తంగా. ప్రమోటర్ దగ్గర ఏమీ దొరకకపోతే నియంత్రణ తర్వాతి దశలో ఉండొచ్చు. పీఎస్‌ఆర్‌ఎన్‌ఏటార్గెట్‌లో మీ జన్యువు ట్రాన్స్‌క్రిప్ట్ (ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్స్) ఇవ్వండి, ప్రమోటర్ కాదు. ఎక్స్‌పెక్టేషన్ డిఫాల్ట్ 5, అది వదులు. 3కి తగ్గించి చూడండి. పద్ధతి సరిచూసుకోవడానికి వరి ఎస్‌పీఎల్14, అంటే ఎల్ఓసీ_ఓఎస్08జీ39890 ఇవ్వండి. మిర్156 అనే మైక్రోఆర్‌ఎన్‌ఏ రావాలి.

మన్యం పంటలైతే

పాడేరు, అరకు వైపు చోడి (రాగి) మీద పనిచేస్తుంటే ఒక లెక్క గుర్తుంచుకోండి. చోడికి 36 క్రోమోజోములు, ఏ, బీ అని రెండు ఉపజన్యుపటాలు, అంటే రెండు పూర్వజాతుల నుంచి వచ్చిన రెండు జన్యుపటాలు. వరిలోని ఒక జన్యువుకు చోడిలో రెండు జోడీలుంటాయి. బ్లాస్ట్‌లో పైన వచ్చినదొక్కటే తీసుకుంటే సగం కథ పోతుంది. రెండింటి ప్రమోటర్లూ తీసి పక్కపక్కన పెట్టండి. ఒకదానిలో మోటిఫ్ ఉండి రెండోదానిలో లేకపోతే, ప్రాజెక్టుకి అదే అసలైన ప్రశ్న. అరకు కాఫీ, అరాబికా కూడా రెండు జాతుల కలయికే, అదే జాగ్రత్త. చోడి జన్యుపటం ఫైటోజోమ్‌లో ఉంది, దించుకోవడానికి ఉచిత లాగిన్ కావాలి. పోలికకు వరి ఒక్కటే సరిపోదు, చోడికి వరికంటే కొర్ర దగ్గర చుట్టం. కొర్రకు క్రోమోజోములు 18, ఉపజన్యుపటాల గొడవ లేదు, పటం 2012 నుంచి ఉంది. అనకాపల్లి చెరకుతో మాత్రం మొదటి ప్రాజెక్టు మొదలుపెట్టకండి. దాని క్రోమోజోముల చిక్కు విప్పేలోపు సెమిస్టర్ అయిపోతుంది. జొన్నతో మొదలుపెట్టి తర్వాత చెరకుకు రండి.

బెంచి మీదికి

ఇన్ని జల్లెడలు పట్టాక రెండు మూడు ఫ్యాక్టర్, లక్ష్యం జోడీలు మిగలాలి. పది మిగిలాయంటే ఎక్కడో వదులు చేశారు. ప్రతి జోడీ పక్కనా డేటాబేస్ పేరు, వెర్షన్, చూసిన తేదీ, మోటిఫ్ అక్షరాలు, మొదలు నుంచి దూరం, పోగు రాసి ఉండాలి. ఆరు నెలల తర్వాత జన్యుపట వివరణ మారితే దూరాలు మారతాయి, అప్పుడు ఈ కాలమ్సే ఆదుకుంటాయి.

ప్రమోటర్‌ను స్వర్ణ నుంచి క్లోన్ చేయబోతే ప్రైమర్లు నిప్పన్‌బారే మీద వేసినా, పీసీఆర్ ముక్కను ముందు సీక్వెన్స్ చేయించండి. మోటిఫ్‌లో ఒక్క అక్షరం మారినా ఇంతవరకూ చేసిన లెక్క ఆ రకానికి వర్తించదు.

జన్యువు ఎంత పనిచేస్తోందో కొలిచే క్యూపీసీఆర్‌కి నారు మీద 150 మిల్లీమోలార్ ఉప్పు పెట్టేవాళ్ళు లీటరుకు 8.77 గ్రాముల సోడియం క్లోరైడ్ తూచాలి. బీచి నాలుగడుగుల్లో ఉంది కదా అని సముద్రపు నీళ్ళు పలచన చేసి వాడకండి. అందులో మెగ్నీషియం, సల్ఫేట్ కూడా ఉంటాయి, పైగా వానల తర్వాత బంగాళాఖాతంలో తీరం దగ్గర ఉప్పు పాళ్ళు తగ్గుతాయి. 0, 1, 3, 6, 12, 24 గంటలకు ఆకులు కోయండి. ఆ ఆరు వేళల్లోనూ ఉప్పు పెట్టని మొక్కలనుంచి కూడా కోయాలి. డ్రెబ్1 జన్యువులు మొక్క లోపలి గడియారంతో పొద్దునా సాయంత్రమూ వాటంతటవే హెచ్చుతగ్గులవుతాయి. సున్నా గంటనొక్కదాన్నే కంట్రోల్‌గా పెట్టుకుంటే మధ్యాహ్నం వచ్చిన పెరుగుదల ఉప్పుదో ఎండదో తేలదు.